మన ఇళ్ళకు ఏ.సి. వచ్చిన దారి

చిత్తూరు జిల్లాలో ఉద్యోగం చేసిన మన సభ్యులకు ఎండల గురించి వేరే చెప్పనక్కరలేదు. డొల్లు కర్తరి పోయి నిజ కర్తరి వచ్చేసరికి తిరుపతిలో పగటి ఎండ ఒక ఎత్తు, రాత్రిపూట కొండరాళ్ళు వదిలే సెగ మరొక ఎత్తు. మిద్దె మీద నీళ్ళు చల్లి, చాపలు పరచుకొని, కూజా పక్కన పెట్టుకొని విసనకర్రతో తెల్లవార్చిన తరం మనది. కాస్త కలిగినవారు కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టించేవారు.

నేను ఆఫీసులో మొదటి ఏ.సి. చూసింది 1980ల చివర్లో. అది మనుషుల కోసం కాదు, కంప్యూటరు కోసం! ఏదో సంతకం నెపంతో, చెప్పులు బయట విడిచి, ఆ గదిలో ఐదు నిమిషాలు నిలబడి వచ్చేవాళ్ళం. అసలు ఈ యంత్రం పుట్టుకే అటువంటిది. 1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ దీన్ని రూపొందించింది ఒక అచ్చాఫీసులో కాగితం తేమకు పాడుకాకుండా ఉండేందుకు. మనుషుల సుఖం తరువాతి మాట.

మన దేశంలో బ్లూ స్టార్ 1943లో, వోల్టాస్ 1954లో ఏర్పడినా, చాలాకాలం మధ్యతరగతి ఇంటికి ఏ.సి. రాలేదు. ప్రభుత్వం దాన్ని విలాస వస్తువుగా ఎంచి భారీగా ఎక్సైజు సుంకం వేసేది. అంటే ఆనాటి కొరత సరుకుది కాదు, మన జేబుది. ఆ విలాసపు ముద్ర ఎంత గట్టిదంటే, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు కూడా 28 శాతం వేశారు. అది 18 శాతానికి దిగింది 2025 సెప్టెంబరు 22న.

సరళీకరణ తరువాత ధరలు క్రమంగా అందుబాటులోకి వచ్చాయి. కానీ కంప్రెసర్, ఎలక్ట్రానిక్ బోర్డు వంటి ముఖ్య భాగాలు ఎక్కువగా చైనా నుంచి ఓడల్లో రావలసిందే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడేసరికి ఆ ఆధారపడటం ఎంతటిదో తెలిసింది. ఆ అక్టోబరులో కేంద్రం గ్యాసు నింపిన ఏ.సి.ల దిగుమతిని నిషేధించింది. 2021 ఏప్రిల్‌లో ఏ.సి. భాగాలు, ఎల్‌ఈడీ దీపాల తయారీకి 6,238 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించింది.

పథకం ఢిల్లీలో ప్రకటించిన మరుసటి నెలలోనే మా ఇంటి ఏ.సి. ఆగిపోయింది. మా ఆవిడకు గుండె ఆపరేషన్ జరిగి మూడు నెలలైంది. కరోనా రెండో విడత. మధ్యాహ్నం 12 తరువాత కర్ఫ్యూ. పిల్లల ఇంటికి పోయే దారి లేదు. మెకానిక్ మూత విప్పి, "బోర్డు పోయింది సార్, సరుకు రావడం లేదు" అన్నాడు. ప్రపంచమంతటా చిప్పుల కరువు, కంటైనర్ల కరువు. కార్ల కంపెనీలే ఆగిపోతుంటే మా బోర్డు ఎవరికి పట్టింది? ఐదు వారాలు గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టాను. వాటి ముందు టేబుల్ ఫ్యాను పెట్టాను. గంటగంటకూ మజ్జిగ. రాత్రి మూడు గంటలకు లేచి మళ్ళీ పట్టాలు తడిపేవాణ్ణి, ఆమె ఊపిరి వింటూ. చివరికి ఆ కుర్రవాడే ఎక్కడో యూనివర్సల్ బోర్డు సంపాదించి బిగించాడు. పాత రిమోటు పనికిరాలేదు గాని, గది చల్లబడింది.

విచిత్రమేమంటే, అదే కాలంలో సత్యవేడు దగ్గరి శ్రీసిటీ ఏ.సి.ల కేంద్రంగా మారుతూ ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 2023లో బ్లూ స్టార్, లాయిడ్, డైకిన్ ఫ్యాక్టరీలు ఒకదాని వెంట ఒకటి పని మొదలుపెట్టాయి. అయినా కంప్రెసర్లలో చాలాభాగం ఇంకా దిగుమతే. 2024 వేసవిలో అమ్మకాలు ఒక్కసారిగా పెరిగేసరికి దేశంలో పలుచోట్ల సరుకు చాలలేదు. ఏ.సి. పక్క మండలంలో బిగిస్తేనేం, దాని గుండె సముద్రం దాటి రావాలిగదా!

ఆ గుండెను కూడా ఇక్కడే చేస్తామంటూ ఎల్జీ కంపెనీ శ్రీసిటీలో 5,000 కోట్ల రూపాయల ఫ్యాక్టరీకి 2025 మే 8న శంకుస్థాపన చేసింది. పంచాంగం ప్రకారం అవి డొల్లు కర్తరి రోజులు. కర్తరిలో కట్టడం పనులు మొదలుపెట్టరాదని మన పెద్దలనేవారు. ఏ.సి. ఫ్యాక్టరీకి ఆ నియమం వర్తించదు కాబోలు.