త్రిక నాడీ ప్రేరణ

త్రిక నాడీ ప్రేరణ మూత్రాశయపు అతిచురుకుదనానికి చేసే ఒక శస్త్రచికిత్సా విధానం. ఆంగ్లంలో దీనిని శాక్రల్ న్యూరోమాడ్యులేషన్ అంటారు. వెన్నెముక దిగువనున్న త్రికాస్థి రంధ్రం గుండా ఒక సన్నని తీగను, పిరుదు పైభాగాన చర్మం క్రింద బ్యాటరీతో నడిచే చిన్న పరికరాన్ని అమర్చి, మూత్రాశయానికి సంబంధించిన నాడికి స్వల్ప విద్యుత్ స్పందనలు పంపుతారు. గుండెకు అమర్చే పేస్‌మేకర్‌తో పోలిక ఉన్నందున దీనిని మూత్రాశయపు పేస్‌మేకర్ అని కూడా వ్యవహరిస్తారు.

రుగ్మత స్వరూపం

అకస్మాత్తుగా, ఆపుకోలేనంతగా మూత్రవిసర్జన చేయాలనిపించడం ఈ రుగ్మత ప్రధాన లక్షణం. పగలు పలుమార్లు, రాత్రి నిద్రలో లేచి వెళ్ళవలసి రావడం, కొందరిలో మరుగుదొడ్డి చేరేలోగానే బట్టలు తడవడం కూడా ఉంటాయి. ఇది ప్రాణాంతకం కాదు. కాని మనిషిని ప్రయాణాలకు, శుభకార్యాలకు, ఉద్యోగానికి దూరం చేస్తుంది. వయసుతో వచ్చేదేనని సరిపెట్టుకొని, లేదా సిగ్గుపడి, చాలామంది వైద్యునికి చెప్పరు. మూత్రనాళాల ఇన్ఫెక్షన్, మధుమేహం, ప్రోస్టేట్ గ్రంథి పెరుగుదల కూడా ఇటువంటి లక్షణాలనే కలిగించవచ్చు కనుక ముందుగా పరీక్షలు అవసరం.

సాధారణంగా మొదట మూత్రాశయ శిక్షణ, కటి కండరాల వ్యాయామాలు, మాత్రలు సూచిస్తారు. వాటితో ఫలితం లేనివారికి మూత్రాశయ కండరంలోకి బొటులినమ్ ఇంజెక్షన్, త్రిక నాడీ ప్రేరణ వంటి మార్గాలున్నాయి.

పనిచేసే విధానం

తీగను ఎక్కువగా మూడవ త్రిక నాడి సమీపాన ఉంచుతారు. మూత్రాశయం నుండి వెన్నుపాముకు, మెదడుకు వెళ్ళే సంకేతాలు ఈ ప్రేరణ వలన సర్దుబాటై, అకాలంలో కలిగే సంకోచాలు తగ్గుతాయి. పరికరం మూత్రాన్ని బంధించదు. రోగి మామూలుగానే విసర్జించగలడు.

అమర్చే పద్ధతి

ఇది రెండు దశలలో జరుగుతుంది. మొదట తీగను మాత్రమే ఉంచి, శరీరం వెలుపలి పరికరంతో కొన్ని రోజుల నుండి కొన్ని వారాల వరకు పరీక్షిస్తారు. ఆ రోజులలో రోగి ఎన్నిసార్లు వెళ్ళినదీ, ఎన్నిసార్లు తడిసినదీ ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. లక్షణాలు కనీసం 50 శాతం తగ్గితేనే శాశ్వత పరికరం అమరుస్తారు. లేకుంటే తీగను తీసివేస్తారు. ఫలితాన్ని ముందే చూసుకొని నిర్ణయించుకొనే అవకాశం ఈ చికిత్సలోని విశేషం.

చరిత్ర

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎమిల్ టనాఘో, రిచర్డ్ ష్మిట్ 1980ల తొలి సంవత్సరాలలో ఈ విధానాన్ని రూపొందించారు. మెడ్‌ట్రానిక్ సంస్థ తయారుచేసిన ఇంటర్‌స్టిమ్ పరికరానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతినిచ్చింది. అడ్డంకి లేకపోయినా మూత్రం నిలిచిపోయే స్థితికి 1999లోను, మల నియంత్రణ లోపానికి 2011లోను ఆ అనుమతి విస్తరించింది. తిరిగి ఛార్జి చేసుకోగల ఆక్సోనిక్స్ పరికరం 2019లో ఆమోదం పొందింది. చీలమండ వద్ద టిబియల్ నాడిని ప్రేరేపించే ఈకాయిన్ అనే చిన్న పరికరానికి 2022లో అనుమతి లభించింది.

పరిమితులు

అమర్చినచోట నొప్పి, ఇన్ఫెక్షన్, తీగ స్థానం తప్పడం సంభవించవచ్చు. వాటిని సరిచేయడానికి, బ్యాటరీ కాలం తీరినప్పుడు మార్చడానికి మరల శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఎం.ఆర్.ఐ. పరీక్షకు ముందు పరికరం ఉన్నదని తప్పక తెలియజేయాలి. పాత పరికరాలకు ఈ విషయంలో ఆంక్షలు ఎక్కువ. ఇది రుగ్మతను మూలం నుండి తొలగించదు. పరికరాన్ని ఆపివేస్తే లక్షణాలు సాధారణంగా తిరిగి వస్తాయి.

ఇవి కూడా చూడండి

మూత్రాశయం
వెన్నుపాము
పేస్‌మేకర్