మా ఉద్దానమున ఛాయాచిత్ర వృత్తి

పలాస, టెక్కలి ప్రాంతముల చరిత్ర యనగానే పెద్దలు జమీందారులను, రైలుమార్గమును, జీడిపప్పు కర్మాగారములను చెప్పుదురు. నేను తెలుగు పండితుడనుగా ముప్పది యేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. సాయంకాలములందును, ఆదివారములందును మా తమ్ముని చిన్న ఫొటో దుకాణమున జీతములేని పనివాడనుగా ఇరువది యేండ్లు గడపితిని. ఆ చిన్న వృత్తి కథనే నేడు మీకు మనవి చేయుచున్నాను.

పండితుడు గనుక పురాణముతో మొదలుపెట్టెనని నవ్వుకొనకుడు. ఉష కలలో గాంచిన పురుషుడెవ్వడో తెలియక పరితపించుచుండగా, చెలికత్తె చిత్రలేఖ రాజకుమారుల రూపములను వరుసగా వ్రాసి చూపినది. అందు అనిరుద్ధుని చూచి ఉష ఆనవాలు పట్టినది. అది గుర్తు కొఱకైన చిత్రము. శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు తాను కాదన్న శకుంతల రూపమును తానే వ్రాసికొని, దానిని చూచి దుఃఖించును. అది జ్ఞాపకము కొఱకైన చిత్రము. ఫొటో దుకాణమునకు వచ్చువారందఱును ఈ రెండింటిలో నేదో యొక పనిమీదనే వచ్చెదరు. గుర్తునకై తీసినది జ్ఞాపకముగా మాఱు దినమొకటి వచ్చును. ఆ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది.

1839లో ఫ్రాన్సు దేశమున డాగేరు తన విధానమును లోకమునకు వెల్లడించెను. 1856లో మద్రాసున ఫొటోగ్రాఫిక్ సొసైటీ యేర్పడినది. తెలుగునాట ఈ విద్యకు మిక్కిలి కీర్తి తెచ్చినవాడు రాజా దీనదయాళు (1844–1905). ఆయనయు మొదట తీరిక వేళల ఛాయాచిత్రకారుడే. మీరట్టు దగ్గఱి సర్ధనలో పుట్టి, రూర్కీలో చదివి, ఇండోరున ప్రజాపనుల శాఖలో ఉద్యోగము చేయుచు, 1874 ప్రాంతమున కెమెరా చేతబట్టెను. పిమ్మట ఉద్యోగము విడిచి సికింద్రాబాదున దుకాణము పెట్టి, ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై రాజా బిరుదమందెను. ఆయన తీసిన గాజుపలకలలో 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. పలకలు నిలిచినవి గనుకనే నాటి ముఖములను నేడు మనము చూడగలుగుచున్నాము. ఈ మాటను జ్ఞప్తియందుంచుకొనుడు.

ఇక మా తీరము. 1936 వఱకు ఇది గంజాము జిల్లాలోనిది. పిదప విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడగా అందు కలిసినది. ఆ దినములలో ఇక్కడివారు వేలకొలదిగా ఓడలెక్కి రంగూనునకు కూలికి పోయెడివారు. నేను మొట్టమొదట చూచిన ఫొటో రంగూను నుండి వచ్చినదే. మా తాతగారు రంగుల తెర ముందర, చేయి కుర్చీ వెన్నున నుంచి, అలవాటులేని బూట్లతో బిగిసి నిలువబడియున్నారు. మా నాయనమ్మకు చదువు రాదు. జాబులు ఇతరులచేత చదివించుకొనెడిది. ఆ పటమును మాత్రము తానే చదువుకొనెడిది. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినప్పుడు తిరిగిరానివారిలో ఆయన యొకరు. పటము మాత్రము మాకు మిగిలినది.

మా తమ్ముడు 1984లో కాశీబుగ్గలో ఒక చిన్న గది అద్దెకు తీసికొని దుకాణము తెఱచినాడు. పెట్టుబడి యొక పాత యాషికా కెమెరా. దానికి రెండు కన్నులు. పై కన్ను చూచుటకు, క్రింది కన్ను తీయుటకు. రొమ్మునకు ఆనించి, తల వంచి గాజుతెరలోనికి చూడవలెను. అందు బొమ్మ కుడియెడమలు తారుమారై కనబడును. కూలివాడు కూర్చుండినను, కరణము కూర్చుండినను ఎదుట తల వంచక ఫొటో తీయుట పొసగదు. ఇది మంచి వినయపాఠమని మా తమ్మునితో అనెడివాడను.

ఆదివారములందు సైకిలుపై ఉద్దానము పల్లెలకు పోయెడివారము. కొబ్బరితోట చూచుటకు చల్లనిదే గాని ముఖచిత్రమునకు శత్రువు. ఆకుల సందులనుండి పడు ఎండ ముఖముపై మచ్చలు మచ్చలుగా తేలును. పనసచెట్టు నీడ దట్టము. దానిక్రింద వెలుతురు సమముగా నుండును. కావున ఊరు చేరగానే మొదట పనసచెట్టును వెదకెడివారము. కొమ్మకు తెల్లని పంచె కట్టినచో తెర. మఱియొక పంచెను ఇద్దఱు పిల్లలు ప్రక్కన పట్టుకొనినచో దానిమీది వెలుతురు ముఖముపై పడి నీడలు పలుచబడును. సంచిలో నొక అరువు చొక్కా, దువ్వెన, అద్దము ఎప్పుడును ఉండెడివి. ఆ యొక్క చొక్కాలో ఎన్ని ఊళ్ల పెండ్లికొడుకులు ఫొటోలు దిగిరో లెక్కలేదు.

120 సంఖ్య ఫిల్ముచుట్టపై పండ్రెండు బొమ్మలు వచ్చును. ఉదకమండలమున 1960లో స్థాపితమై, తరువాత మూతపడిన హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు ఫిల్ము మాకు ఆధారము. పండ్రెండును నిండనిదే కడిగినచో నష్టము; నిండువఱకు ఆగినచో మొదటి బేరము కోపించును. చిన్న వ్యాపారపు కష్టమంతయు ఈ మధ్యనే కలదు. పరీక్షల కాలమున హాలుటిక్కెట్ల కొఱకు పిల్లలు వరుస కట్టెడివారు. పెండ్లి ముహూర్తముల ముందు కన్నెపిల్లలు వచ్చెడివారు. వానకాలమున దుకాణము ఈగలు తోలుకొనుచుండెడిది. బ్రోమైడు కాగితము బరంపురమునుండి తెచ్చుకొన్న వెల, మందుల వెల, అద్దె పోగా మిగులునది స్వల్పము. దీనిని నమ్మి సంసారము నడుపవచ్చునని నేనెవ్వరికిని చెప్పను. మా తమ్మునికిని ప్రక్కన జీడితోట ఉండెను.

రాత్రి తొమ్మిది గంటలకు నా వంతు. ఎఱ్ఱదీపము క్రింద తెల్లని కాగితమును డెవలపరు పళ్లెమున ముంచగా, మొదట కనుబొమలు, పిదప కన్నులు, తరువాత పెదవులు తేలివచ్చును. హైపోలో నిలువజేసి, నూతి నీటిలో గంటసేపు కడుగవలెను. కడుగుటలో లోభించినచో ఏండ్లు గడచినకొలది బొమ్మ పసుపెక్కును. ప్రతి నెగటివును కాగితపు కవరులో నుంచి, సంఖ్య వేసి, పుస్తకమున పేరు, ఊరు, తేదీ వ్రాయుట నా పని.

కాలము మాఱినది. రంగుల ల్యాబులు వచ్చినవి. 1993లో ఫొటోగల ఓటరు కార్డులు ఆరంభమైనవి. 2010 నుండి ఆధార్ కేంద్రములు తమ కెమెరాతోనే ముఖమును పట్టుకొన్నవి. ఆపై ప్రతి చేతను చరవాణి కలదు. 2004లో మేము దుకాణము మూసితిమి. రెండు ట్రంకుపెట్టెల నెగటివులను నేనే పాతసామాను వానికి అమ్మితిని. ఫిల్ములోని వెండికొఱకు వాడు కొనినాడు. ఎవ్వరికి కావలెను ఈ చెత్త యని నేననుకొన్నమాట నిజము.

ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ప్రబలియున్న సంగతి మీరెఱుగుదురు. కారణము ఇదియని వైద్యులు ఇంకను తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రముతోగూడిన 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది. అంతకుముందే ఎన్నియో యిండ్లలో నడివయసు రాకమునుపే మనుష్యులు పటములైరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువనే తీరము దాటి, కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. ఇండ్ల కప్పులు లేచిపోయినవి. గోడలమీది పటములు నానిపోయినవి.

తుపాను గడచిన పదునైదు దినములకు ఒక ముసలి తల్లి మా యింటికి వచ్చినది. పెండ్లి కాకమునుపే ఆ వ్యాధితో పోయిన కుమారుని పటము వానలో కరగిపోయినదట. “మేస్టరు బాబూ, మా గుంటడి పొటో మీరే తీసినారు గదా, మీకాడ ఉంటాది గదా?” యని యడిగినది. పుస్తకము తీసి వెదకితిని. పేరున్నది, ఊరున్నది, 1996 అనియు, మూడు ప్రతులనియు నా చేతివ్రాతనే యున్నది. నెగటివు లేదు. ఆమెకు నేను చూపగలిగినది ఒక సిరాగీత మాత్రమే. నేనే అమ్మితినని చెప్పితిని. ఆమె కోపపడలేదు, అది నాకు మఱింత భారమైనది.

మఱునాడు నేనే ఆమె యింటికి పోతిని. బియ్యపు డబ్బాలో ప్లాస్టికు సంచిలో చుట్టిన పరీక్ష కాగితముల నడుమ హాలుటిక్కెట్టు దొరకినది. దానిపై మేము తీసిన ఫొటోయే యున్నది. బడిముద్ర భుజముపై సగము పడియున్నది. కాశీబుగ్గలో దానికి నకలు తీయించి పెద్దది చేయించితిని. ముద్రను చెరిపివేయుదునా యని దుకాణపు కుఱ్ఱవాడు అడిగెను. “ఉండనీ బాబూ, ఆడు సదువుకున్నాడని తెలుస్తాది” అని ఆ తల్లి చెప్పినది.

ఫొటో తీయువారికి నా విన్నపమొక్కటే. పని తీరినది గదా యని ముఖములను పాఱవేయకుడు. ఇంటివారికిని మనవి: చరవాణి పోయినచో వేయి బొమ్మలు ఒక్కసారిగా పోవును. ఒక్కొక్కరిది ఒక్కొక్క బొమ్మ కాగితముపై తీయించి, వెనుక పేరు, ఊరు, తేదీ వ్రాసి, బియ్యపు డబ్బాలో నైనను దాచుడు. ఇక సెలవు.