గాదె నుంచి గాలి చొరని సంచి దాకా

వడ్లగింజకు ప్రాణముంది. కోతయ్యాక కూడా అది ఊపిరి పీలుస్తూ వేడిని, తేమను వదులుతుంది. తడి ఎక్కువైతే ఆ ఊపిరి జోరందుకుంటుంది. రాశి లోపల కాక పుడుతుంది, బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. ధాన్యం దాచడంలో వేల ఏళ్ల ప్రయత్నమంతా రెండు పద్ధతుల చుట్టూనే తిరిగింది. గింజకు గాలి ఆడనివ్వడం ఒకటి, గాలి అసలే తగలకుండా మూసేయడం రెండోది. రెండూ పనిచేశాయి. ఈ రెంటికీ మధ్య ఆగినప్పుడల్లా ధాన్యం ముక్కిపోయింది.

మొహెంజోదారోలో 1950లో మార్టిమర్ వీలర్ ఒక భారీ కట్టడాన్ని ధాన్యాగారమన్నాడు. ఇటుక దిమ్మెల నడుమ సందులు గాలి కోసమేనని అతని ఊహ. అక్కడ గింజల ఆనవాళ్లు లేవని తర్వాతి పురావస్తువేత్తలు ఒప్పుకోలేదు. అర్థశాస్త్రం మాట మాత్రం స్పష్టం: ధాన్యం ఎత్తైన చోట ఉంచాలి, సగం ఆపద కోసం అట్టేపెట్టాలి, పాతది తీసి కొత్తది చేర్చాలి.

మన ఊళ్లలో రెండు పద్ధతులూ పక్కపక్కనే బతికాయి. కోస్తాలో అడుగున గడ్డి పరిచి, వరిగడ్డి వెంటి చుట్టుకుంటూ, మధ్యలో వడ్లు పోసుకుంటూ పురి కట్టేవారు. తెలంగాణలో వెదురు గుమ్మికి పేడా మన్నూ కలిపి అలికేవారు. నేల చెమ్మ తగలకుండా గాదెను రాళ్ల మీద నిలిపేవారు. వేపాకు వేసేవారు, కందులకు ఎర్రమన్ను పట్టించేవారు.

రాయలసీమ జొన్నల దారి వేరు. నీరు నిలవని మెరకన పాతర తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు నింపి, పైన మన్ను మెత్తేవారు. లోపల ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ గింజలు, పురుగులే వాడేసుకుంటాయి. మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌లో పురుగు ఊపిరాడక చస్తుంది. మనిషీ చస్తాడు. అందుకే మూత తీయగానే ఎవరూ దిగకూడదు. దీపం దించి చూడాలి, అది ఆరిపోతే ఆగాలి. పాతర జొన్నకు ఒక వాసన ఉంటుంది, మొలకశక్తి కూడా తగ్గుతుంది. విత్తనాలను అందుకే విడిగా దాచేవారు. బడి చదువు లేని రైతు చేసిన ఈ ఏర్పాటులో నాకు కనబడేది నిఖార్సైన రసాయన శాస్త్రం.

దొరల గొప్ప ఇంతకు భిన్నం. 1770 బెంగాల్ కరువు తర్వాత, 1786లో జాన్ గార్‌స్టిన్ పాట్నాలో 29 మీటర్ల ఎత్తున గోల్‌ఘర్ కట్టాడు. అది ఏనాడూ పూర్తిగా నిండలేదు. 1876-78 ధాత కరువు నాటికి రైళ్లు, తంతి వచ్చాయి. గింజ ధర పలికే చోటికి తరలిపోయింది. ఏళ్ల తరబడి తిండి దాచుకునే అలవాటు క్రమంగా సన్నగిల్లింది. మిల్లులొచ్చాక మరో మార్పు: పొట్టు కవచమున్న వడ్లకు బదులు ఒలిచిన బియ్యం నిల్వ పెరిగింది. పురుగుకు అంతకన్నా పండగ ఏముంటుంది?

1965లో ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. గోదాములు చాలనప్పుడు దిమ్మెల మీద బస్తాలు పేర్చి టార్పాలిన్ కప్పడం అలవాటైంది. గోనె గాలినీ రానిస్తుంది, తేమనూ పీలుస్తుంది. అదీ ఆ నడిమి దారి!

ఇళ్లకు చేరిన రేకు డబ్బాలు ఎలుకను ఆపాయి. అయితే వేడివేడిగా ఎత్తిన ధాన్యం మీద వాన రోజుల్లో రేకు చల్లబడుతుంది. లోపలి వెచ్చని గాలి పైకి లేచి మూత కింద చెమర్చి పై పొరను తడుపుతుంది. అడుగు బాగుండి పైభాగం అట్టకట్టడానికి కారణం ఇదే. ఎండిన ధాన్యాన్ని నీడలో చల్లార్చి ఎత్తమని పెద్దలు అన్నది ఇందుకే.

1980ల చివర కామెరూన్‌లో అలసందల కోసం లారీ మర్డాక్ బృందం గాలి చొరని సంచులు రూపొందించింది. చూస్తే అది పాతర సూత్రమే, ప్లాస్టిక్‌లో. మన మార్కెట్లలోనూ ఇలాంటి సంచులు దొరుకుతున్నాయి. కొనేవారికి ఒక మాట: కొనుగోలు కేంద్రం 17 శాతం తేమ వరకూ ఒప్పుకున్నా, ఇంట్లో నిల్వకు వడ్లు 14 శాతానికి దిగాలి, నెలల తరబడి అయితే 12కి. తడి ధాన్యం మూటకట్టి ఏ సంచినీ నిందించవద్దు.