చీకటిలో నేర్చిన విద్య

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైనది. రణరంగంలో చూపు పోగొట్టుకొన్న యువకునికి ఆనాటి లోకం చూపగలిగిన దారులు రెండే. ఇంటివారిపై భారమై ఒక మూల కూర్చొనుట ఒకటి, దాతల దయకై చేయి చాచుట మరియొకటి. మూడవ దారి కూడ కలదని నిరూపించిన సంస్థ లండన్ నగరంలోని సెంట్ డన్‌స్టన్స్.

దీని స్థాపకులు సర్ ఆర్థర్ పియర్సన్. 1900లో డెయిలీ ఎక్స్‌ప్రెస్ పత్రికను నెలకొల్పిన ఈయన, నీటికాసుల వ్యాధి వలన క్రమంగా అంధులైనారు. చూపు కోల్పోయిన సైనికులకై 1915లో ఒక వసతిగృహం తెరచినారు. కొలదికాలంలోనే అది రీజెంట్స్ పార్కులోని సెంట్ డన్‌స్టన్స్ అను భవనానికి మారినది. ఆ భవనపు పేరే సంస్థకు స్థిరపడినది.

అంధుడుగా జీవించుట కూడ ఒక విద్య అనీ, దానిని శ్రద్ధతో అభ్యసింపవలెననీ పియర్సన్ విశ్వాసం. అందుచేత అక్కడికి వచ్చిన సైనికునికి మొదట ఒక గడియారం బహూకరించేవారు. దాని ముళ్లను వ్రేళ్లతో తడిమి వేళ తెలుసుకొనవచ్చును. గంట ఎంతయినదని మరియొకరిని అడుగనక్కరలేదు. స్వాతంత్ర్యానికి అదే ఓనమాలు. తరువాత బ్రెయిలు లిపి, టైపు. ఆపైన ఒక వృత్తి. బుట్టల అల్లిక, వడ్రంగం, పాదరక్షలు బాగుచేయుట, కోళ్ల పెంపకం, టెలిఫోను పని, మర్దన చికిత్స అందులో కొన్ని. బోధకులలో పలువురు స్వయంగా అంధులు. కన్నులున్నవాడు "నీవు చేయగలవు" అని చెప్పుట వేరు. చూపులేని గురువు తానే చేసి చూపుట వేరు.

అయితే పని నేర్పుటతో బాధ్యత తీరలేదు. స్వగ్రామం చేరిన పనివానికి ముడిసరకు ఎవరిత్తురు? పనితనం తగ్గకుండ ఎవరు చూతురు? సరకును ఎవరు కొందురు? ఈ ప్రశ్నలకు జవాబుగా సంస్థ ప్రత్యేకంగా ఒక శాఖను నెలకొల్పినది. 1921లో పియర్సన్ మరణించగా, 1916లో సొమ్ రణరంగంలో చూపు కోల్పోయి అక్కడనే శిక్షణ పొందిన ఇయాన్ ఫ్రేజర్ అధ్యక్షులైనారు. నిన్నటి శిష్యుడే నేటి సారథి అయినాడు.

ఆ పరంపరే మన దేశానికీ చేరినది. 1915లో గాలిపొలి యుద్ధంలో చూపు కోల్పోయి సెంట్ డన్‌స్టన్స్‌లో విద్య నేర్చిన న్యూజీలండు దేశీయుడు సర్ క్లూతా మెకెంజీ, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో భారతీయ సైనికులకై డెహ్రాడూన్‌లో ఇటువంటి శిక్షణాలయాన్ని నడపినారు. 1950లో భారత ప్రభుత్వం దానిని స్వీకరించి, వయోజనులైన అంధులందరికీ శిక్షణ కేంద్రంగా మార్చినది. భారతీయ భాషలకు ఉమ్మడి బ్రెయిలు లిపిని కుదుర్చుటకు జరిగిన ప్రయత్నంలో కూడ మెకెంజీ పాలుపంచుకొన్నారు. 1951లో రూపొందిన భారతీ బ్రెయిలులో తెలుగు 'క'కూ హిందీ 'క'కూ చుక్కలు ఒక్కటే.

లండన్ సంస్థకు 2012లో పేరు మారినది. డెహ్రాడూన్ కేంద్రం నేడు జాతీయ సంస్థగా వర్ధిల్లుచున్నది. యుద్ధంలో కన్నులర్పించిన సైనికునికి దేశం ఋణపడి ఉన్నదని అందరూ ఒప్పుకొందురు. మశూచికం వలననో, పనిలో జరిగిన ప్రమాదం వలననో చూపు కోల్పోయిన సామాన్యునికి కూడ ఆ ఋణం చెల్లవలసియున్నదని చాటుటయే ఈ చరిత్రలో 1950 నాటి మార్పునకు గల అర్థం. ఆ ఋణం దానంతో తీరదు. చేతికి పని అందినప్పుడే తీరును.