61 రోజుల డౌన్‌టైమ్

ఏప్రిల్ నెలాఖర్లో ఒక పెళ్ళికని మా ఊరు వెళ్ళాను. మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు పక్కన, సముద్రానికి సైకిల్ దూరం. సాయంత్రం మా చిన్నాన్న కొడుకు అరుగు మీద కూర్చుని ఫోన్‌ని ఒకటే తిడుతున్నాడు. ఏదో ఆన్‌లైన్ గేము. సర్వర్ మెయింటెనెన్స్ అని పొద్దున ఆరు గంటలు అన్నారట. తర్వాత ఇంకో నాలుగు గంటలు అన్నారట. తర్వాత టైమ్ చెప్పడం కూడా మానేసి "త్వరలో" అని పెట్టారట. వీడు రెండు వారాల్నించి ఆడుతున్న ఈవెంటేమో ఆ రాత్రి పన్నెండుకి అయిపోతుంది.

"మీరే కదన్నా ఈ సర్వర్లు చూసేది, ఇంతసేపు లోపల ఏం చేస్తారసలు?" అని నన్ను పట్టుకున్నాడు.

నేను గేములు చెయ్యను, బ్యాంకింగ్ అప్లికేషన్లు చేస్తాను, అయినా మన జాతి పరువు కాపాడాలి కదా :). డేటాబేస్ మైగ్రేషన్ సగంలో ఫెయిలయితే ముందుకీ పోలేం, వెనక్కీ రాలేం, అందుకే టైమ్ పెరుగుతూ పోతుంది అని చెప్పబోయాను. అంతలో వంటవాళ్ళకి చేపలు ఇచ్చిపోదామని వచ్చిన పాళెం బాబాయ్ ఒకాయన మా గోల విని నవ్వాడు. "ఏందబ్బయా, ఒక్క రోజుకే ఇంత గోలా? మాకు రెణ్ణెల్లు కట్టేసినారు, మేం ఎవురికి చెప్పుకోవాల?" అన్నాడు.

ఆయన చెప్పింది చేపల వేట నిషేధం గురించి. పేపర్లవాళ్ళు దాన్నే కొంచెం మర్యాదగా "వేట విరామం" అంటారు. డౌన్‌టైమ్‌కి తెలుగు మాట కావాలని ఎవరైనా అడిగితే ఇంతకన్నా మంచిది దొరకదేమో. హైదరాబాదుకి తిరిగొచ్చాక ఈ విరామం ఎక్కణ్ణించి వచ్చిందా అని చదవడం మొదలెట్టాను. దాని చరిత్ర నేననుకున్నట్టు లేదు.

ముందు రూలేంటో చెప్తాను. తూర్పు తీరం మొత్తానికి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, ఇంజను ఉన్న పడవలు వేటకి పోకూడదు. పడమటి తీరానికి అదే 61 రోజులు జూన్ 1 నుంచి జులై 31 దాకా. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకూ రాష్ట్రం మాట చెల్లుతుంది, అది దాటితే కేంద్రానిది. ఒక్క సర్వర్‌కి ఇద్దరు అడ్మిన్లన్నమాట. కారణం మాత్రం అందరూ ఒకటే చెప్తారు: అది చేపలు గుడ్లు పెట్టే కాలం, పిల్ల చేపల్ని పెరగనివ్వాలి. ఆ రెండు నెలల్లో పడవలు ఒడ్డుకెక్కుతాయి. ఇంజన్లు విప్పుతారు, చిరుగులు పడ్డ వలలు కడతారు, రంగులేస్తారు. అక్షరాలా మెయింటెనెన్స్!

గేములకీ దీనికీ ఇంతవరకూ పోలిక బాగానే కుదిరింది. నేను అనుకున్నది ఏంటంటే, పైన ఎవరో ఆఫీసర్లు నిర్ణయం తీసుకుని కింద జాలర్ల నెత్తిన పెట్టి ఉంటారని. తీరా చూస్తే ఈ డౌన్‌టైమ్ కావాలని మొదట రోడ్డెక్కింది చిన్న జాలర్లే. అదీ కేరళలో.

1953లో కొల్లం దగ్గర నీండకరలో ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు అని ఒకటి మొదలయ్యింది. నార్వేవాళ్ళు వచ్చి మన జాలర్ల బతుకులు బాగుచేద్దామని మర పడవలు, ఐస్ ప్లాంట్లు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ 1960లు వచ్చేసరికి రొయ్యలకి విదేశాల్లో విపరీతంగా ధర పెరిగింది. సముద్రం అడుగు నుంచి దేవుకుంటూ పోయే ట్రాల్ వలలు రొయ్యలకి బాగా పనికొచ్చాయి. దాంతో వల పట్టడం తెలియని వ్యాపారులు కూడా ట్రాలర్లు కొన్నారు. ట్రాల్ వలకి పెద్ద చేప, పిల్ల చేప, గుడ్డు తేడా లేదు, అడుగున ఏముంటే అది పైకొస్తుంది. పైగా రొయ్య ఉండేది ఒడ్డుకి దగ్గర్లో, చిన్న పడవలు వలలేసేదీ అక్కడే. ట్రాలర్ వచ్చి వీళ్ళ వలలు తెంపుకుంటూ పోయేది. మన భాషలో చెప్పాలంటే పదిమంది హెవీ యూజర్లు బ్యాండ్‌విడ్త్ మొత్తం తినేస్తే మిగతా పదివేలమందికి టైమౌట్ వస్తోంది.

1970ల చివర్లో గొడవలు ముదిరి కేరళ నుంచి గోవా, తమిళనాడు దాకా సముద్రం మీద కొట్లాటలు జరిగాయి. 1979లో కేంద్రం ఒక నమూనా చట్టం తయారు చేసి తీర రాష్ట్రాలకి పంపించింది. కేరళ 1980లో, తమిళనాడు 1983లో చట్టాలు చేసుకున్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌కి 1994 దాకా తీరిక దొరకలేదు. చట్టం వచ్చినంత మాత్రాన ట్రాలర్లు ఆగలేదు. వర్షాకాలంలో ట్రాలింగ్ ఆపమని కేరళ జాలర్ల సంఘాలు ఏళ్ళ తరబడి నిరాహారదీక్షలు, రాస్తారోకోలు చేశాయి. ప్రభుత్వం ఒకదాని తర్వాత ఒకటి కమిటీలు వేసింది. చివరికి 1988లో అక్కడ వానాకాలం ట్రాలింగ్ నిషేధం వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఆపింది దేన్ని అన్న విషయం. ట్రాలింగ్‌ని. చిన్న పడవని కాదు. ఈ విషయంలో అనుమానాలు రాకుండా కేరళ 2007లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. నిషేధ కాలంలో కూడా సంప్రదాయ జాలర్లు వేటకి పోవచ్చని అందులో రాసుకున్నారు. ఇప్పుడు అక్కడ ట్రాలర్లు ఏటా 52 రోజులు ఆగుతాయి, చిన్నవాళ్ళ పని నడుస్తూనే ఉంటుంది.

ఆ ఐడియానే తూర్పు తీరానికి వచ్చేసరికి మారిపోయింది. తమిళనాడులో 2001లో 45 రోజులతో మొదలయ్యింది. తర్వాత 47 రోజులన్నారు. 2015లో కేంద్రం 61 చేసింది. రోజులు పెరగడం ఒక ఎత్తు. ఎవర్ని ఆపాలి అన్నదానికి ఇక్కడ గీత ట్రాలర్ దగ్గర గియ్యలేదు, ఇంజను దగ్గర గీశారు. ఇంజను లేని తెప్పకి మినహాయింపు, ఇంజనున్న ప్రతిదీ బంద్. కాశిమేడులోనో కాకినాడలోనో వారం పైన సముద్రంలోనే ఉండి వచ్చే పెద్ద మరబోటూ, మా పాళెంలో పొద్దున నాలుక్కి పోయి పదింటికి ఒడ్డు చేరే ఫైబర్ బోటూ, రెండూ ఒకే లెక్క.

నెల్లూరు తీరానికి ఇది గట్టిగా తగలడానికి ఇంకో కారణముంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు నాకు ఏడేళ్ళు. మాకు దగ్గర్లో ఉన్న పాళేల్లో తెప్పలు, వలలు చాలావరకు పోయాయి. తర్వాత ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు, ఎక్కడెక్కణ్ణించో వచ్చినవాళ్ళు సాయం చేశారు. ఆ సాయంలో ఎక్కువగా వచ్చింది ఇంజను బిగించిన ఫైబర్ పడవలు. కర్ర తెప్పల చోట్లో అవి వచ్చాయి. వద్దనేవాడెవడు? దూరం పోవచ్చు, తెడ్డు వేసే చాకిరీ లేదు. కానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, తెప్ప మీద ఉన్నన్నాళ్ళూ ఈ నిషేధం అంటని మనిషి ఇంజను వచ్చిన రోజునే దాని కిందకి వచ్చేశాడు. ఉచితంగా అప్‌గ్రేడ్ ఇచ్చారు, దాంతోపాటే షరతులూ మారిపోయాయి, ఆ పేజీ ఎవడూ చదవలేదు. మనం మాత్రం చదువుతామా ఏంటి, కింద "అంగీకరిస్తున్నాను" నొక్కడమే కదా!

పాళెం బాబాయ్ కోపం కూడా నిషేధం మీద కాదు, నేను అడిగి చూశాను. "చేప గుడ్లు పెట్టేటప్పుడు ఆపాల, మా తాతలూ అదే చెప్పేవోళ్ళు. అయితే సముద్రాన్ని ఊడ్చినోణ్ణీ నన్నూ ఒకే తాడుతో కడతారేంది?" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. సర్వర్ మీద లోడ్ ఎవడు పెడుతున్నాడో లాగ్స్‌లో కనపడుతున్నప్పుడు వాణ్ణి ఆపుతాం గానీ అందర్నీ లాగౌట్ చెయ్యం. చేస్తే మా మేనేజర్ ఊరుకోడు.

ఇక పరిహారం సంగతి. గేములవాళ్ళు ఈ విషయంలో ఆరితేరారు. 2011 ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ మీద హ్యాకర్లు పడ్డారు. సుమారు 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు పోయాయి, నెట్‌వర్క్ మూడు వారాలకి పైగా మూతపడింది. ఆటగాళ్ళు నానా తిట్లూ తిట్టారు. ఆట ఆగినందుకంటే, వారం దాకా అసలు ఏం జరిగిందో చెప్పనందుకు ఎక్కువ తిట్టారు. తిరిగి మొదలయ్యాక సోనీ "వెల్‌కమ్ బ్యాక్" అని ఉచితంగా గేములు, నెల రోజుల సభ్యత్వం ఇచ్చింది. మా తమ్ముడికి కూడా ఆ రాత్రి మెయింటెనెన్స్ అయిపోయేసరికి ఏవో వజ్రాలు వచ్చాయి, ఈవెంట్ ఒక రోజు పొడిగించారు. మర్నాటికి వాడికి కోపమే లేదు.

మన వేట నిషేధ భృతి చాలా ఏళ్ళు 4,000 రూపాయల దగ్గర ఉండేది. 2019లో దాన్ని 10,000 చేశారు. ఆ డబ్బు ఇచ్చిన రోజు 2019 నవంబర్ 21, ప్రపంచ మత్స్యకార దినోత్సవం. నిషేధం అయిపోయింది జూన్ 14న. అంటే పొయ్యి వెలగని రెండు నెలలకి ఇచ్చే డబ్బు అయిదు నెలలు ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాతి ఏడాది, 2020లో, మే మొదటి వారంలోనే ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో 20,000కి పెంచిన భృతి సుమారు 1.29 లక్షల కుటుంబాలకి ఇచ్చారు. ఎవరు ఎక్కువిచ్చారన్నది రాజకీయ పార్టీల గొడవ, నేను అందులోకి పోను. నా లెక్క వేరే: 20,000ని 61తో భాగిస్తే రోజుకి 330 రూపాయలు కూడా రావు. ఒక ఇంటికి. ఆ ఇంట్లో గంప ఎత్తుకుని ఊళ్ళమ్మట చేపలమ్మే ఆడమనిషి కూడా ఆ 61 రోజులూ ఖాళీనే.

రోజులు లెక్క చెప్పే నిషేధం ఒక రకంగా నయం. చెప్పకుండా వచ్చేవి ఇంకా ఉన్నాయి. తుపాను హెచ్చరికలు సరే సరి, శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున చుట్టుపక్కల సముద్రంలోకి పోవద్దంటారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ సముద్రం విడిపోలేదు కదా. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగరాల్సింది, ఇంక 56 నిమిషాలుందనగా ఆపేశారు. దేశమంతా టీవీల ముందు నిద్ర మానుకుని కూర్చుంది, నేనూ కూర్చున్నాను. జులై 22న ఎగిరింది. ప్రయోగం వాయిదా పడితే మనకి ఒక రాత్రి నిద్ర పోయిందంతే, ఆ తీరంలో వాళ్ళు మళ్ళీ ఇంకో రోజు ఆగాలి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టనే లేదు.

2020 మరీ ఘోరం. మార్చి 25న లాక్‌డౌన్. అది నడుస్తుండగానే ఏప్రిల్ 15 వచ్చేసింది. అన్‌ప్లాన్డ్ అవుటేజ్ మీద ప్లాన్డ్ మెయింటెనెన్స్ పడ్డట్టు. చివరికి కేంద్రం ఆ ఒక్క ఏడాదికి తూర్పు తీరంలో నిషేధాన్ని మే 31కే ముగించి 47 రోజులు చేసింది. అవసరమొస్తే 61ని తగ్గించడం సాధ్యమేనని అప్పుడు తెలిసింది. ఆ 14 రోజుల వల్ల చేపలకి ఏమయ్యిందో ఎవరైనా లెక్క తీసి జనానికి అర్థమయ్యేట్టు చెప్తే బావుండు. గేము అప్‌డేట్ అయితే కిందా మీదా పడి ప్యాచ్ నోట్స్ రాస్తాం. 61 రోజులు ఆగిన మనిషికి మాత్రం ఈ ఏడు ఏ చేప ఎంత పెరిగిందో పాళెంలోకి వచ్చి చెప్పినవాడు లేడని బాబాయ్ అంటాడు.

విరామం అయిపోయాక కూడా కథ ఉంది. మన చట్టం ప్రకారం తీరం నుంచి 8 కి.మీ. లోపు సంప్రదాయ పడవలదే, మరబోట్లు అక్కడికి రాకూడదు. కడలూరు వైపు నుంచి వచ్చే హైస్పీడ్ బోట్లు ఆ గీత దాటి నెల్లూరు తీరం దాకా వచ్చేస్తాయని, వలలు తెగిపోతున్నాయని ఏళ్ళ తరబడి గొడవ. మనవాళ్ళు ఆ బోట్లని పట్టుకుని ఒడ్డుకి లాక్కురావడం, అటువాళ్ళొచ్చి పంచాయితీ చేసి విడిపించుకుపోవడం, మళ్ళీ మామూలే. 1970ల్లో కేరళలో దేని కోసం కొట్టుకున్నారో ఇక్కడ ఇంకా దాని కోసమే కొట్టుకుంటున్నారు. నిషేధం వాళ్ళకీ మనకీ ఒకే రోజు అయిపోతుంది, కానీ జూన్ 15 పొద్దున ఎవరి ఇంజను పెద్దదయితే వాడిదే ముందు చెయ్యి.

పోయినేడు జూన్ 14న సెలవు కలిసొచ్చి ఊళ్ళోనే ఉన్నాను. సాయంత్రం బీచికి పోతే కొత్త రంగులతో పడవలన్నీ వరసగా ముక్కులు నీళ్ళవైపు పెట్టుకుని ఉన్నాయి. గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టారు. డీజిలు క్యాన్లు, ఐసు పెట్టెలు ఎక్కిస్తున్నారు. సర్వర్ ఎప్పుడు లేస్తుందా అని లాగిన్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నట్టే ఉంది. కుర్రాళ్ళు ఫోన్లో నిమిషానికోసారి టైమ్ చూసుకుంటున్నారు. బాబాయ్ మాత్రం పడవ పక్కన ఇసకలో పడుకుని నిద్రపోతున్నాడు. అదేంటని అడిగితే వాళ్ళబ్బాయి చెప్పాడు, మొదటి రోజు అందరూ ఒకేసారి పడతారు, చేప గుట్టలుగా వస్తుంది, పాటలో ధర పలకదు, డీజిలు ఖర్చు కూడా రాదు, అందుకని మేం ఎల్లుండి పోతాం అని.