అనంతపురం చెరువుల్లో చేపల లెక్క: ఎన్ని పిల్లలు వదలాలో చెప్పేది నీళ్లే!

అనంతపురం అనగానే వేరుశనగ గుర్తొస్తుంది, కరువు గుర్తొస్తుంది. చేపలు ఎవరికీ గుర్తుకురావు. కానీ వానాకాలం మొదలైతే చాలు, జిల్లాలోని చెరువులు, జలాశయాల్లో లక్షల్లో చేప పిల్లల్ని వదులుతుంటారు. నేతలు, అధికారులు గట్టు మీద నిలబడి సంచులు విప్పే ఫొటోలు ప్రతి ఏడాదీ చూస్తూనే ఉంటాం. మరి వేసవి నాటికి వాటిలో ఎన్ని వలకు చిక్కుతున్నాయి? అసలు ప్రశ్న అదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోట చేపల పెంపకం ఎలా నడుస్తుంది? ఎక్కడ దెబ్బతింటుంది? వివరాలు చూద్దాం.

ప్రతి ఏటా కొత్తగా ఎందుకు వదలాలి?

చాలామందికి వచ్చే సందేహం ఇది. చెరువులో చేపలుంటే అవే గుడ్లు పెట్టి పిల్లలు చేసుకోవా? మన చెరువుల్లో ఎక్కువగా పెంచే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అలా చేసుకోవు. ఈ మూడూ పుట్టుకతో నది చేపలు. వరద పారుతున్న నీటిలోనే గుడ్లు పెడతాయి. నిలవ నీటిలో ఎంత పెరిగినా, కడుపు నిండా గుడ్లున్నా వదలవు. పెన్నా, చిత్రావతి, హగరి లాంటి మన నదుల్లో నీళ్లు పారేదే ఏడాదికి కొద్ది రోజులు. ఇక పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయి?

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి అనే శాస్త్రవేత్త ఈ చిక్కుముడి విప్పారు. చేపల తల నుంచి తీసిన పీయూష గ్రంథి రసాన్ని తల్లి చేపలకు సూదితో ఎక్కించి, తొట్టెలోనే గుడ్లు పెట్టించారు. అంతకుముందు చేప పిల్లలంటే వరద నదుల్లో పట్టి తేవాల్సిందే. ఆ రోజు గుర్తుగానే జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ ప్రయోగం సక్సెస్ కాకపోయి ఉంటే ఇవాళ అనంతపురం చెరువుల్లో బొచ్చె చేప దొరికేది కాదనడంలో అతిశయోక్తి లేదు.

ఉత్తర సముద్రాల లెక్క వేరు

చేపల నిర్వహణ మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలో పెద్ద వాటా చల్లటి ఉత్తర సముద్రాలదే. రెండు కళ్లూ ఒకే వైపు ఉండే హాలిబట్ అనే బల్లపరుపు చేపనే తీసుకోండి. పసిఫిక్ హాలిబట్ కోసం అమెరికా, కెనడా కలిసి 1923లోనే ఒక కమిషన్ పెట్టుకున్నాయి. ఆడ చేప గుడ్లు పెట్టే వయసుకు రావడానికే సుమారు 12 ఏళ్లు పడుతుంది. 50 ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి. అందుకే అక్కడ ఏటా సర్వే చేసి, సముద్రంలో ఎంత మిగిలిందో అంచనా వేసి, ఈసారి ఇంతే పట్టాలని కోటా ఖరారు చేస్తారు.

ఆ కోటాల మీద గొడవలు చిన్నవి కావు. 1995 మార్చిలో గ్రీన్‌లాండ్ హాలిబట్ వేటపై వివాదం ముదిరి, స్పెయిన్‌కు చెందిన ఎస్టాయ్ అనే ట్రాలర్‌ను కెనడా ఏకంగా కాల్పుల హెచ్చరికతో ఆపి పట్టుకుంది. సన్న కన్నుల వలతో పిల్ల చేపల్ని కూడా ఊడ్చేస్తోందన్నది కెనడా ప్రధాన ఆరోపణ.

అక్కడ ప్రశ్న ఒకటే: నీటిలో ఎన్ని చేపలు మిగిలాయి? అనంతపురంలో ఆ ప్రశ్న తలకిందులవుతుంది. ఎన్ని చేపలు వదిలామో తెలుసు. చేపల కింద నీళ్లు ఎన్ని నెలలు ఉంటాయన్నదే తెలియాలి.

నీళ్లు ఎక్కడి నుంచి?

జిల్లా పెద్ద జలాశయాలు వాన మీద కంటే కాలువల మీదే ఎక్కువ బతుకుతున్నాయి. కూడేరు మండలం కొర్రకోడు దగ్గరి పెన్నహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ (పీఏబీఆర్), గార్లదిన్నె మండలం పెనకచర్ల దగ్గరి మిడ్ పెన్నార్ రిజర్వాయర్ (ఎంపీఆర్), కడప సరిహద్దు పార్నపల్లె దగ్గరి చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌లకు తుంగభద్ర ఎగువ కాలువే ఆధారం. జీడిపల్లి, గొల్లపల్లి జలాశయాలకు హంద్రీ-నీవా ద్వారా శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణా నీరు ఎత్తిపోస్తున్నారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయాక వీటిలో కొన్ని శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. నీళ్ల కష్టం మాత్రం రెండు జిల్లాలకూ ఒకటే.

ఎగువ కాలువలో ఏపీకి కాగితం మీద 32.5 టీఎంసీల వాటా ఉంది. తుంగభద్ర డ్యామ్‌లో పూడిక పేరుకుపోయింది. కట్టినప్పుడు 130 టీఎంసీలకు పైగా పట్టిన డ్యామ్ ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకే నిండుతోంది. కాబట్టి ఏటా దామాషా ప్రకారం కోత పడుతుంది. దీనికి తోడు 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. నిండుగా ఉన్న డ్యామ్ నుంచి టీఎంసీల కొద్దీ నీరు నదిలో కలిసిపోయింది. తాత్కాలిక గేటు బిగించేదాకా రాయలసీమ రైతులకు కంటి మీద కునుకు లేదు. అప్పుడు అందరూ పంటల గురించే మాట్లాడారు. చేప పిల్లలు వదిలే సీజన్ కూడా సరిగ్గా అదేనని గుర్తు చేసుకున్నవాళ్లు తక్కువ.

ఎన్ని వదలాలి? లెక్క ఇదీ

జలాశయాలను మత్స్య శాస్త్రవేత్తలు మూడు రకాలుగా విడదీస్తారు. వెయ్యి హెక్టార్లలోపు చిన్నవి, 5 వేల హెక్టార్ల దాకా మధ్యస్థం, ఆపైన పెద్దవి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోసం వి.వి. సుగుణన్ 1995లో చేసిన అధ్యయనం ప్రకారం మన దేశంలో చిన్న జలాశయాల్లో హెక్టారుకు ఏడాదికి దాదాపు 50 కిలోల చేపలు వస్తుంటే, మధ్యస్థ, పెద్ద జలాశయాల్లో 11, 12 కిలోలే వస్తున్నాయి. అంటే చిన్న చెరువే మేలు! వదిలిన పిల్లల్ని తిరిగి పట్టుకోవడం చిన్న నీటిలో తేలిక. పెద్ద నీటిలో వదిలినవి ఏ మూలకు పోయాయో ఎవరికీ తెలియదు.

పిల్లల సంఖ్యకు ఒక సూత్రం ఉంది. ఉదాహరణకు హెక్టారుకు 100 కిలోలు రావాలి, ఒక్కో చేప పట్టేనాటికి అరకిలో తూగుతుంది అనుకుందాం. అంటే 200 చేపలు చేతికి రావాలి. వదిలిన వాటిలో సగమే బతుకుతాయనుకుంటే 400 పిల్లలు వదలాలి. ఇంతవరకు చిన్న పిల్లలు కూడా వేయగల లెక్కే.

తేడా కొట్టేది హెక్టార్ల దగ్గర. చెరువు విస్తీర్ణం అని రికార్డుల్లో రాసేది మరువ మట్టానికి నిండినప్పటి కొలత. అక్టోబర్‌లో 400 హెక్టార్లు పరుచుకున్న చెరువు ఏప్రిల్‌కి వంద హెక్టార్ల మడుగుగా మారితే, 400కి లెక్కగట్టి వదిలిన చేపలన్నీ ఆ వందలోనే ఇరుక్కుంటాయి. అందుకే నిండు విస్తీర్ణానికీ, అడుగంటినప్పటి విస్తీర్ణానికీ సగటు తీసుకుని పిల్లల్ని వదలాలన్నది శాస్త్రవేత్తల సూచన. అనంతపురం లాంటి చోట ఈ ఒక్క మాట పాటించడమే సగం పని.

సైజు కూడా ముఖ్యమే. జలాశయాల్లో వదలడానికి కనీసం 80 నుంచి 100 మిల్లీమీటర్లు, అంటే వేలి పొడవు పిల్లలు కావాలి. అంతకంటే చిన్నవి వాలుగ, కొర్రమీను నోట్లోకి పోతాయి. చిన్న పిల్లలు చవక కాబట్టి లెక్క లక్షల్లో కనబడుతుంది, ఫొటో బాగుంటుంది. వలలో ఏమీ పడదు. వదిలినవి ఎన్ని లక్షలని కాకుండా, ఎంత సైజు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

ఐదారు నెలలే నీళ్లుండే చెరువులకు కొల్లేరు ప్రాంత రైతుల పద్ధతి ఒకటి అక్కరకొస్తుంది. పిల్లల్ని ఏడాది పాటు ఇరుకు చెరువులో, తక్కువ మేతతో కుదించి ఉంచుతారు. వాటిని విశాలమైన నీటిలోకి వదిలితే ఒక్కసారిగా ఎదుగుతాయి. ఖర్చు ఎక్కువే. కానీ చెరువు ఎండేలోపు అమ్మే బరువుకు వస్తాయి.

కరువు ఇచ్చేది, వరద తీసుకెళ్లేది

చెరువు ఎండటం చేపలకు పూర్తిగా చెడ్డదేమీ కాదు. ఎండిన అడుగులో గడ్డి మొలుస్తుంది, పశువులు మేస్తాయి, పేడ పడుతుంది. మళ్లీ నీళ్లు చేరగానే అదంతా కుళ్లి, కంటికి కనిపించని నీటి జీవులు విపరీతంగా పుడతాయి. చేప పిల్లలకు అదే విందు భోజనం. పైగా ఎండిన చెరువులో వాటిని తినే వాలుగలు కూడా చచ్చిపోతాయి. అందుకే ఏళ్ల తరబడి ఎండి, ఒక్కసారిగా నిండిన చెరువులో మొదటి ఏడాది చేపలు బాగా పెరుగుతాయి.

వరదతో ఇంకో చిక్కు. 2021 నవంబర్‌లో చిత్రావతి ఉప్పొంగిన రోజులు జిల్లా మర్చిపోలేదు. చెరువు మరువ పారిందంటే ఊరంతా పండుగ చేసుకుంటుంది. పిల్లలు కొని వదిలిన సంఘానికి మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. నీళ్లతో పాటు చేపలూ దిగువకు జారిపోతాయి. మరువకు అడ్డంగా జాలీలు కట్టాలి. చెత్త చేరి నీళ్లు తన్నితే కట్టకే ముప్పు కాబట్టి, వరద రాత్రి వాటిని శుభ్రం చేస్తూ మనుషులు కాపలా ఉండాలి.

ఇక ఏప్రిల్, మేలో అసలు గండం. నీరు తగ్గి, వేడెక్కితే అందులో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారుజామున మరీ కనిష్ఠానికి చేరుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే అది ఆఖరి హెచ్చరిక. ఆ రోజే పట్టి అమ్మేయాలి. చుట్టుపక్కల చెరువుల వాళ్లంతా ఒకేసారి అదే పని చేయడంతో మార్కెట్లో రేటు కుదేలవుతుంది.

నష్టం ఎవరిది?

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో రూ.20 వేలకు పెంచారు. ఆ సాయం సముద్ర వేటకు వెళ్లే వారికే. చెరువు ఎండి వల మూలన పడేసిన అనంతపురం బెస్త కుటుంబాలకు ఆ పథకం వర్తించదు. పిల్లలకు పెట్టిన డబ్బు, చెరువు హక్కుకు కట్టిన డబ్బు రెండూ నీళ్లతోనే ఆవిరైపోతాయి.

చెరువు హక్కు ఎవరికన్నదీ వివాదమే. వంద హెక్టార్లు దాటిన చెరువులకు బహిరంగ వేలం పెట్టాలంటూ 2021లో జీవో 217 వచ్చింది. మొదట నెల్లూరు జిల్లాకే అన్నారు. అయినా రాష్ట్రమంతా మత్స్యకార సంఘాలు భగ్గుమన్నాయి. ప్రభుత్వం మారాక 2024లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు హక్కు సంఘాలదే. కానీ సొసైటీ చేతికి చెరువు రావడం వేరు, కాలువ నీళ్లు ఎప్పుడు వస్తాయో సొసైటీకి ముందే తెలియడం వేరు. నీళ్ల విడుదల తేదీలను నీటిపారుదల సలహా మండలి పంటలను చూసి ఖరారు చేస్తుంది. ఎంపీఆర్‌లో కనీసం ఎంత నీరు ఉంచితే చేపలు మే దాటుతాయన్నది ఆ సమావేశం ముందు పెట్టదగ్గ అంకె. తాగునీటికి కనీస నిల్వ ఉంచడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ నిల్వ ఎంతో జూలైలోనే సంఘాలకు చెబితే, ఆగస్టులో ఎన్ని పిల్లలు కొనాలో వాళ్లే లెక్క వేసుకుంటారు.

పిల్లల్ని వదిలేటప్పుడు ఓ జాగ్రత్త: ఆక్సిజన్ సంచిని తెచ్చిన వెంటనే విప్పకండి. పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీటి మీద తేలనివ్వండి. తర్వాత కొంచెం కొంచెంగా చెరువు నీరు సంచిలోకి పోసి, పిల్లలు వాటంతట అవే బయటికి ఈదేలా వంచండి. ఎండ ముదరక ముందే, ఉదయం పూట ఈ పని ముగించాలి.