ఇనుముకు రాగి తోడు: శరీరంలో లోహాల రాకపోకలు ఎలా తెలిశాయి?

రక్తంలో ఇనుము ఉంటుందని మీరు చిన్న తరగతుల్లోనే చదువుకున్నారు. ఆ సంగతి మొదట ఎలా బయటపడిందో మాత్రం పాఠ్యపుస్తకాలు అంతగా చెప్పవు. 1740 దశకంలో ఇటలీలోని బొలోన్యా నగరంలో విన్సెంజో మెంగీని అనే వైద్యుడు రక్తాన్ని కాల్చి బూడిద చేసి, దాని దగ్గరికి అయస్కాంతం తెచ్చాడు. బూడిదలోని రేణువులు కొన్ని అయస్కాంతానికి అంటుకున్నాయి. లోహమంటే గనుల్లోనూ కమ్మరి కొలిమిలోనూ ఉండేదే అనుకునే రోజుల్లో అది వింతగానే తోచి ఉండాలి.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి శరీరంలో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు మాత్రమే. ఒక చిన్న మేకు చేయడానికి సరిపోతుంది. రాగి ఇంకా తక్కువ, సుమారు 100 మిల్లీగ్రాములు. ఇంత కొద్దిపాటి లోహాలకు ఒక పాఠం అవసరమా అని మీరు అడగవచ్చు. ఈ రెండు లోహాలూ ఎలక్ట్రాన్లను తేలికగా ఇచ్చి పుచ్చుకుంటాయి. ఆ గుణం వల్లనే అవి శ్వాసక్రియకు, ఆక్సిజన్ రవాణాకు పనికివస్తున్నాయి. ఆ గుణం వల్లనే, అదుపు తప్పి కణంలో విడిగా తిరిగితే, కణాన్ని లోపలి నుంచే దెబ్బతీస్తాయి. కాబట్టి జీవికి లోహం దొరకడం ఒక్కటే సమస్య కాదు. దొరికిన లోహాన్ని ఎప్పుడూ కట్టుబాటులో ఉంచడం అంతకన్నా పెద్ద సమస్య. ఈ విషయం అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

పాలిపోయిన రోగికి ఇనుము మంచిదని వైద్యులకు పూర్వమే తెలుసు. మన ఆయుర్వేదంలో లోహభస్మాలున్నాయి. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో థామస్ సిడెన్‌హామ్ ఇనుప రజనును ద్రాక్షసారాయిలో నానబెట్టి ఇచ్చేవాడు. 1832లో ఫ్రాన్సులో పియరీ బ్లో అన్నభేదితో చేసిన మాత్రలు ప్రవేశపెట్టాడు. అందరి ఊహా ఒకటే: ఇనుము తింటే రక్తమవుతుంది. లెక్క అంత సులువుగా ఉందనుకున్నారు.

ఆ లెక్క తప్పింది ఎలుకల దగ్గర. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హార్ట్, హ్యారీ స్టీన్‌బాక్, వాడెల్, కాన్రాడ్ ఎల్వెజెమ్ అనే పరిశోధకులు ఎలుకపిల్లలను పాలమీదే పెంచారు. పాలు మంచి ఆహారమే అయినా అందులో ఇనుము బహు తక్కువ. ఎలుకలకు రక్తహీనత వచ్చింది. శుద్ధమైన ఇనుప లవణం కలిపి ఇచ్చారు. గుణం కనిపించలేదు. గొడ్డు కాలేయాన్ని ఎండబెట్టి ఇస్తే కోలుకున్నాయి. ఇక్కడ వారు వేసిన ఎత్తు గమనించండి. కాలేయాన్ని పూర్తిగా కాల్చి, ఆ బూడిదను ఇచ్చారు. అప్పుడూ ఎలుకలు కోలుకున్నాయి! విటమిన్లు మంటలో మిగలవు. బూడిదలో మిగిలేవి ఖనిజాలే. అయితే ఆ ఖనిజం ఏది? ఒక్కొక్క మూలకాన్నే వడపోస్తూ పోగా చివరికి తేలింది రాగి. ఇనుముతో పాటు కొద్దిపాటి మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కలపగానే హీమోగ్లోబిన్ పెరిగింది. 1928లో ఈ ఫలితం ప్రచురితమైంది.

చిక్కు ఏమిటంటే, హీమోగ్లోబిన్‌లో రాగి లేదు. అందులో ఉన్న లోహం ఇనుము ఒక్కటే. లేని లోహం వల్ల ఉన్న పదార్థం ఎలా పెరిగింది? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

ఆలోగా ఇనుము గురించే మరో వింత బయటపడింది. 1937 ప్రాంతంలో ఇంగ్లండులో రాబర్ట్ మెకాన్స్, ఎల్సీ విడోసన్ అనే ఇద్దరు, ఇనుము నరంలోకి ఎక్కిస్తే ఏమవుతుందో కొలిచి చూశారు. మూత్రంలోకి పోలేదు, మలంలోకీ పోలేదు. శరీరం దాన్ని అట్టే పెట్టుకుంది. మిగులు ఉప్పును, నీటిని మూత్రపిండాలు బయటికి పంపుతాయి కదా. ఇనుముకు అలాంటి దారి లేదు. రాలిపోయే చర్మకణాలు, పేగుకణాలతోనూ, రక్తస్రావంతోనూ పోయేదే పోతుంది. దీన్నిబట్టి వారు చెప్పిందేమంటే, ఇనుము నియంత్రణ అంతా లోపలికి వచ్చే గుమ్మం దగ్గర, చిన్నపేగులోనే జరగాలి.

అది నిజమేనని అమెరికాలోని రోచెస్టర్‌లో జార్జ్ విపుల్, పాల్ హాన్ బృందం కుక్కల మీద నిరూపించింది. 1930ల చివర సైక్లోట్రాన్ యంత్రంలో తయారైన రేడియోధార్మిక ఇనుమును వారు వాడారు. రక్తహీనత ఉన్న కుక్క ఆ ఇనుమును బాగా పీల్చుకుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క దాదాపుగా వదిలేసింది. మన విషయంలోనూ అంతే. రోజూ తిండిలో వచ్చే 10, 15 మిల్లీగ్రాములలో ఒకటి రెండు మిల్లీగ్రాములే ఒంటబడతాయి. ఎముకమజ్జకు రోజూ కావలసినది 20 మిల్లీగ్రాములకు పైమాటే. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? చచ్చిపోయిన ఎర్ర రక్తకణాల నుంచి. ప్లీహం, కాలేయంలోని కణాలు పాత ఎర్రకణాలను విరిచి అందులోని ఇనుమును మళ్లీ వాడకానికి ఇస్తాయి. పాత ఇత్తడి సామాను కరిగించి కొత్తది పోసినట్టు.

ఇప్పుడు రాగి చిక్కు దగ్గరికి మళ్లీ వద్దాం. 1948లో స్వీడన్‌లో హోమ్‌బెర్గ్, లారెల్ అనే శాస్త్రవేత్తలు రక్తరసం నుంచి నీలిరంగు ప్రోటీన్ ఒకటి వేరుచేశారు. నీలం రాగిది. దాని పేరు సెరులోప్లాస్మిన్. అది ఏం చేస్తుందో చాలాకాలం తేలలేదు. 1966లో ఫ్లోరిడాలో ఎర్ల్ ఫ్రీడెన్ బృందం చెప్పింది: ఇది ఇనుమును ఆక్సీకరిస్తుంది. రసాయనశాస్త్రంలో ఫెర్రస్, ఫెర్రిక్ అని ఇనుముకు రెండు రూపాలు చదివారు కదా. కణం పొరను దాటేది ఫెర్రస్ రూపం. రక్తంలో ఇనుమును మోసుకుపోయే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ పట్టుకునేది ఫెర్రిక్ రూపాన్ని. ఒక రూపాన్ని మరో రూపానికి మార్చేవాడు మధ్యలో ఉండాలి. రాగి ఉన్న ప్రోటీన్ ఆ పని చేస్తోంది. 1968లో యూటా విశ్వవిద్యాలయంలో రాగిలేని తిండి పెట్టి పెంచిన పందుల్లో ఇదే కనిపించింది. ఇనుము పేగుకణాల్లోకి వచ్చి అక్కడే చిక్కుకుపోయింది, కాలేయంలోనూ చిక్కుకుపోయింది. ఒంట్లో ఇనుముండి కూడా రక్తం లేదు. విస్కాన్సిన్ ఎలుకల గుట్టు ఇదే.

ఈ జోడీ మనిషికో పందికో పరిమితం కాదని 1994లో తెలిసింది. రొట్టెలు పొంగించే ఈస్టులో కూడా, ఇనుము లోపలికి రావాలంటే రాగి ఉన్న ఎంజైమ్ ఒకటి అవసరమట! ఏకకణ జీవి నుంచి మన వరకు ఒకే ఏర్పాటు. 1999లో పేగుకణాల్లో దాని చుట్టం ఒకటి దొరికింది. గ్రీకుల కమ్మరి దేవుడు హెఫీస్టస్ పేరిట దానికి హెఫీస్టిన్ అని పేరు పెట్టారు. అరుదుగా సెరులోప్లాస్మిన్ పుట్టుకతోనే లేని మనుషులున్నారు. జపాన్‌లో 1987లో ఇలాంటి రోగిని మొదట వర్ణించారు. వారికి కాలేయంలో, క్లోమంలో, మెదడులో ఇనుము పేరుకుపోతుంది.

మొక్కల దారి కొంచెం వేరు. నేలలో ఇనుము కొల్లలుగా ఉన్నా సున్నం ఎక్కువైన భూముల్లో అది కరగదు. వేరుశనగ ఆకులు పసుపుపచ్చగా మారడం మీలో పల్లెల నుంచి వచ్చినవారు చూసే ఉంటారు. రైతులు అన్నభేది ద్రావణం పిచికారీ చేస్తారు. గడ్డిజాతి పైర్లు మాత్రం వేళ్ల నుంచి ఒక ఆమ్లాన్ని వదిలి, ఇనుమును పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. దీన్ని 1976లో జపాన్ శాస్త్రవేత్త తకాగి గుర్తించాడు.

రాగికి ఇనుములా కాక బయటికి పోయే దారి ఉంది: కాలేయం నుంచి పైత్యరసంలోకి, అక్కడి నుంచి పేగులోకి. ఈ దారి మూసుకుపోతే వచ్చేదే విల్సన్ వ్యాధి. 1912లో లండన్‌లో కిన్నియర్ విల్సన్ దీన్ని వర్ణించాడు. రాగి కాలేయంలో, మెదడులో చేరుతుంది. దీనికి సరిగ్గా ఎదురైన వ్యాధిని 1962లో జాన్ మెంకెస్ వర్ణించాడు. ఈ పిల్లల జుట్టు పెళుసుగా, మెలితిరిగి ఉంటుంది, మెదడు ఎదగదు. కారణం తెలియలేదు. పదేళ్ల తరవాత మెల్‌బోర్న్ వైద్యుడు డేవిడ్ డ్యాంక్స్ ఆ జుట్టును చూసి, రాగి తక్కువైన పచ్చిక మేసిన ఆస్ట్రేలియా గొర్రెల ఉన్నిని తలచుకున్నాడు. పరీక్షిస్తే పిల్లల రక్తంలో రాగి నిజంగానే చాలా తక్కువగా ఉంది. రాగి పేగుకణంలోకి వస్తోంది, అవతలికి దాటడం లేదు. గొర్రెల కాపరులకు తెలిసిన సంగతి వైద్యశాస్త్రానికి అక్కరకొచ్చింది. 1993లో ఈ రెండు వ్యాధుల జన్యువులూ దొరికాయి. రెండూ తోబుట్టువుల్లాంటివే.

రాగి విషయంలో మన దేశపు అధ్యాయం ఒకటుంది. పసిపిల్లల్లో కాలేయం గట్టిపడి, పొట్ట ఉబ్బి, కొద్ది నెలల్లో చనిపోయే వ్యాధిని 1887లో కలకత్తాలో సేన్ అనే వైద్యుడు వర్ణించాడు. దాదాపు నూరేళ్లు అది భారతీయ శిశు సిరోసిస్ అన్న పేరుతో మిగిలింది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు పోయేవారు. 1979లో ఆ పిల్లల కాలేయంలో విపరీతంగా రాగి ఉందని స్టువర్ట్ ట్యానర్, ఆనంద్ పండిట్ తదితరులు ప్రకటించారు. ఎక్కడిదీ రాగి? పుణేలో షీలా భావే, పండిట్, ట్యానర్ తల్లులను అడిగారు: బిడ్డకు పోతపాలు ఎప్పుడు మొదలుపెట్టారు, ఏ గిన్నెలో కాచారు, ఎందులో నిలవ ఉంచారు? జబ్బుపడిన పిల్లల ఇళ్లలో పాలు ఇత్తడి గిన్నెల్లో కాచి, అందులోనే ఉంచేవారు. ఇత్తడిలో రాగి ఉంది. పాలలోని కేసీన్ దాన్ని పట్టుకుంటుంది. పసిబిడ్డ కాలేయానికి రాగిని పంపించే శక్తి ఇంకా చాలదు. ఆ ఫలితాలు 1983, 1987లలో వెలువడ్డాయి. ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి ఎందుకు వేయించేవారో ఇప్పుడు మీకు తోచే ఉంటుంది. కళాయి అరిగిన గిన్నెతోనే గండం. గిన్నె మార్చమని ఇంటింటా చెప్పారు, స్టీలు గిన్నెలూ వాటంతట అవే ఇళ్లకు వచ్చేశాయి. వ్యాధి దాదాపు కనుమరుగైంది. ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలోనూ రాగి పాత్రల పాలవల్ల ఇలాంటి వ్యాధే ఉండేదని 1996లో తెలిసింది. అక్కడ వంశపారంపర్య బలహీనత కూడా తోడైంది. ఇక్కడా అది కొంత ఉండి ఉండవచ్చు. ఒక వంట గిన్నె ఇంత పని చేసిందంటే నమ్మడం కష్టమే.

ఇక ఇనుము గుమ్మానికి కాపలా ఎవరు? 2000, 2001 ప్రాంతంలో కాలేయం తయారుచేసే హెప్సిడిన్ అనే చిన్న హార్మోను దొరికింది. 25 అమైనో ఆమ్లాలు మాత్రమే. ఇనుము కణం నుంచి బయటికి వచ్చే ద్వారం ఫెర్రోపోర్టిన్ అనే ప్రోటీన్; హెప్సిడిన్ దానికి అంటుకుని దాన్ని నాశనం చేయిస్తుందని 2004లో ఎలిజబెటా నెమెత్, టామస్ గాంజ్ చూపించారు. ఒంట్లో ఇనుము నిండుగా ఉంటే హెప్సిడిన్ పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. జ్వరం, వాపు ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది. బ్యాక్టీరియాకూ ఇనుము కావాలి కనుక, శరీరం తన ఇనుమును దాచేసుకుంటుంది. తరచూ జబ్బుపడేవారికి మాత్రలు అంతగా పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 1970లోనే ప్రభుత్వం ఇనుము మాత్రల పంపిణీ మొదలుపెట్టింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లలలో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించింది. 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒక ఆసక్తికరమైన ఫలితం ప్రకటించారు. ఇనుము తక్కువగా ఉన్న యువతులకు రోజూ మాత్ర ఇచ్చినదాని కన్నా రోజు విడిచి రోజు ఇస్తే, ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము ఒంటబట్టింది. మొదటి మాత్రకే హెప్సిడిన్ పెరిగి, మర్నాటి గుమ్మాన్ని కొంత మూసేస్తుంది. మీ పాఠశాలలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర కూడా ఈ గుమ్మం దాటవలసిందే. దాన్ని నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఇనుము బాగా పడుతుంది. టీతో మాత్రం వేసుకోకండి. టీలోని టానిన్లు ఇనుమును పేగులోనే పట్టి ఉంచుతాయి.